షాక్ కొట్టాలా, వద్దా: ఐసీడీ లోపల జరిగే లెక్క

ఛాతీలో ఐసీడీ, అంటే ప్రమాదకరమైన గుండె వేగాన్ని షాక్‌తో ఆపే చిన్న డివైస్, ఉండి చెకింగ్‌కి వచ్చినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది బ్యాటరీ ఇంకా ఎన్నాళ్ళు వస్తుందని. ఇంకో ప్రశ్న ఉంది, అది షాక్ తిన్నవాళ్ళు మాత్రమే అడుగుతారు. "నేను బాగానే ఉన్నాను కదమ్మా, మరి అది ఎందుకు కొట్టింది?" వెనక ఇంకా పదిమంది ఫైళ్ళు పట్టుకుని కూర్చుని ఉంటే ఈ ప్రశ్నకి ఓపీలో రెండు నిమిషాల్లో నేను చెప్పగలిగే జవాబు అరకొరగానే ఉంటుంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. పేస్‌మేకర్లు, ఐసీడీలు చెక్ చేసే టెక్నీషియన్ని. డివైస్ దాచిపెట్టుకున్న గుండె సిగ్నల్ గీతల్ని ప్రోగ్రామర్ అనే మిషన్ స్క్రీన్ మీద తెరిచి చదవడం నా పని. ఒక్కో షాక్ వెనక ఆ డివైస్ కొన్ని సెకన్లలో ఏమేం ఆలోచించిందో ఆ గీతల్లో పూసగుచ్చినట్టు కనిపిస్తుంది. అది ఒకసారి అర్థమైతే షాక్ అంటే ఉండే భయం సగం తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

ముందు ఒక మాట. డిశ్చార్జ్ సమ్మరీలో ఏఐసీడీ అనో ఐసీడీ అనో రాసి ఉంటుంది, ఇంట్లో మాత్రం అందరూ పేస్‌మేకర్ అనే అంటారు. పేస్‌మేకర్ పని గుండె నెమ్మదించినప్పుడు కొట్టించడం. ఐసీడీ ఆ పనీ చేయగలదు గానీ దాన్ని పెట్టేది వేరే కారణానికి: గుండె కింది గదుల్లో, అంటే జఠరికల్లో, ప్రాణం తీసే వేగం మొదలైతే ఆపడానికి. హార్ట్ ఎటాక్ వచ్చి తగ్గినవాళ్ళ గుండె కండలో మచ్చ మిగిలిపోతుంది. ఆ మచ్చ చుట్టూ కరెంటు గిరగిరా తిరగడం మొదలుపెడితే అది వీటీ, వెంట్రిక్యులర్ టాకికార్డియా. అదింకా ముదిరి జఠరికలు కొట్టుకోవడం మానేసి ఊరికే అదురుతూ ఉంటే అది వీఎఫ్, వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. వీఎఫ్‌లో పది సెకన్లు దాటేసరికే మనిషికి స్పృహ పోతుంది, కొన్ని నిమిషాల్లో షాక్ అందకపోతే బతకడం కష్టం. కాలర్ ఎముక కింద చర్మం లోపల కూర్చున్న ఆ చిన్న డబ్బా అందుకే ఉంది. అవసరమైనప్పుడు 35 నుంచి 40 జౌళ్ళ దాకా శక్తిని కూడబెట్టి ఒక్క దెబ్బలో గుండెకి ఇస్తుంది.

చిక్కంతా ఎక్కడంటే, గుండె వేగంగా కొట్టుకునే ప్రతిసారీ అది వీటీ కాదు. మెట్లెక్కితే వేగం పెరుగుతుంది, జ్వరమొస్తే పెరుగుతుంది, ఇంట్లో ఏదైనా టెన్షన్ వస్తే పెరుగుతుంది. పై గదుల్లో, అంటే కర్ణికల్లో, తేడా వచ్చినా కింది గదులు పరుగెత్తుతాయి. ఏఎఫ్ అని మీరు వినే ఉంటారు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. రుమాటిక్ జ్వరం వల్ల వాల్వులు పాడైనవాళ్ళలో, బీపీ ఉన్న పెద్దవాళ్ళలో ఇది బాగా కనిపిస్తుంది. పై గదుల నుంచి పుట్టే ఇలాంటి వేగాలన్నిటినీ కలిపి ఎస్‌వీటీ అంటారు. వీటికి మందులుంటాయి, చికిత్స ఉంటుంది, ఛాతీలో షాక్ మాత్రం వెంటనే అక్కర్లేదు. వీటీకి, వీఎఫ్‌కి ఆలస్యం చేయకూడదు. ఈ రెంటినీ వేరుచేసి చూడటమే ఐసీడీకి ఉన్న అసలు పరీక్ష.

ఇప్పుడు ఆ డివైస్ స్థానంలో మీరుంటే మీకేం తెలుస్తుందో చూడండి. బీపీ ఎంతుందో తెలియదు. మనిషి నిలబడి మాట్లాడుతున్నాడా, కింద పడిపోయాడా తెలియదు. ఆసుపత్రిలో డాక్టర్‌కైతే పన్నెండు లీడ్ల ఈసీజీ ఉంటుంది, నాడి పట్టుకుని చూసే వీలుంటుంది, "దడగా ఉందా?" అని అడిగే అవకాశం ఉంటుంది. ఐసీడీకి చాలామందిలో ఉన్నది ఒకే ఒక్క లీడ్, కుడి జఠరికలో గుచ్చి ఉన్న ఒక వైరు. దాని కొసన పుట్టే కొన్ని మిల్లీవోల్టుల సిగ్నల్, అంతే. ఆ కొద్దిపాటి సమాచారంతో కొన్ని సెకన్లలో తేల్చుకోవాలి. ఇది తెలిశాక అది చేసే పొరపాట్ల మీద కంటే, ఇన్నిసార్లు సరిగ్గా ఎలా చెప్పగలుగుతుందా అన్నదాని మీదే నాకు ఆశ్చర్యం ఎక్కువ.

అది మొదట చేసేది లెక్కపెట్టడం. బీట్‌కీ బీట్‌కీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కొలుస్తుంది. 60,000ని ఆ అంకెతో భాగిస్తే నిమిషానికి వేగం వస్తుంది. 400 మిల్లీసెకన్లంటే 150. 320 అంటే దాదాపు 188. 300 అంటే 200. 240 అంటే 250. డాక్టర్ ఈ అంకెల మీద గీతలు గీసి జోన్లు పెడతారు. ఉదాహరణకి 200 దాటితే వీఎఫ్ జోన్, 170కీ 200కీ మధ్య వీటీ జోన్, దాని కింద ఊరికే గమనించి రాసుకునే జోన్. వేగం జోన్లోకి రాగానే కొట్టేయదు. వీఎఫ్ జోన్లో చివరి 24 బీట్లలో 18 వేగంగా ఉండాలి, లేదా 40లో 30 ఉండాలి, ఇలాంటి షరతు ఒకటి ఉంటుంది. వరసగా అన్నీ ఉండాలని ఎందుకు పెట్టలేదంటే వీఎఫ్‌లో సిగ్నల్ ఒక్కోసారి మరీ చిన్నదైపోయి మధ్యలో కొన్ని బీట్లు డివైస్‌కి అందవు, అందనంత మాత్రాన లెక్క మళ్ళీ మొదటికి వస్తే మనిషి చనిపోతాడు. వీటీ జోన్లో మాత్రం కొన్ని డివైస్‌లు వరసగానే అడుగుతాయి, మధ్యలో ఒక్క బీట్ నెమ్మదిగా వచ్చినా లెక్క సున్నాకి వెళ్ళిపోతుంది. వీటీ సాధారణంగా ఒకే తాళంలో నడుస్తుంది కాబట్టి అక్కడ ఆ పట్టుదల పెట్టుకోవచ్చు.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను, ఊరూ పేరూ వద్దు. "పొలంలో నిలబడి ఉన్నానమ్మా, కళ్ళు కూడా తిరగలేదు, ఛాతీలో ఎవరో బలంగా గుద్దారు, అక్కడే కూలబడ్డాను. మళ్ళీ ఇంకోసారి." ఆ రోజు ఆయన ఇదే చెప్తూ ఉన్నారు, పక్కన కొడుకు మాత్రం మిషన్ పాడైపోయిందని, మార్చాలంటే ఎంతవుతుందని అడుగుతున్నాడు. స్క్రీన్ మీద గీత తెరిస్తే బీట్ల మధ్య దూరాలు 310, 270, 340, 290, 260, 350, 300 ఇలా ఉన్నాయి. ఏ రెండూ ఒకటిగా లేవు. ఏఎఫ్ అది. పై గదులు అడ్డదిడ్డంగా అదురుతుంటే మధ్యలో ఉన్న ఏవీ నోడ్ వాటిలో కొన్నిటిని ఆపి, కొన్నిటిని కిందికి వదులుతుంది, అందుకే కింద ఆ గజిబిజి. ఆయన వీఎఫ్ జోన్ 320 మిల్లీసెకన్ల దగ్గర ఉంది, షరతు 24లో 18. ఆ షరతు నిండింది, షాక్ ఇచ్చింది. "మిషన్ బాగానే ఉంది బాబాయ్ గారూ, మీ మందులేమయ్యాయి?" అని అడిగితే వేగం తగ్గించే మాత్రలు అయిపోయి చాలా రోజులైందని, మళ్ళీ కొనలేదని అప్పుడు చెప్పారు. డాక్టర్ మందులు మళ్ళీ మొదలుపెట్టారు, సెట్టింగులు మార్చారు. డివైస్ మార్చాల్సిన పని లేకపోయింది.

ఇలాంటివి తప్పించడానికే డిస్క్రిమినేటర్లు ఉన్నాయి, అంటే వేగంతో పాటు ఇంకేం చూడాలో చెప్పే నియమాలు. ఒకే లీడ్ ఉన్న డివైస్‌లో పాతకాలం నుంచీ ఉన్నవి రెండు. ఒకటి, వేగం ఎలా మొదలైంది అన్నది. మీరు మెట్లెక్కితే 80, 95, 110, 125 అలా పెరుగుతుంది, వీటీ అయితే 80 నుంచి ఒక్క బీట్‌లో 180కి దూకుతుంది. రెండోది, తాళం నిలకడగా ఉందా అన్నది. బీట్ల మధ్య దూరాలు 40, 50 మిల్లీసెకన్లకి మించి అటూ ఇటూ ఊగుతుంటే ఏఎఫ్ అని అనుమానించి ఆగుతుంది. వినడానికి ఎంతో సబబుగా ఉన్నాయి కదా, రెండింటికీ లోపాలున్నాయి. పరుగెత్తుతూ ఉండగానే వీటీ మొదలైతే? అప్పటికే వేగం 150 ఉంటే 165కి మారడం పెద్ద దూకుడుగా కనబడదు, డివైస్ దాన్ని వ్యాయామం కింద కట్టేసి ఊరుకోవచ్చు. పైగా మొదలైన తీరు అన్నది ఒక్కసారే చూసే విషయం, ఆ ఒక్కసారి తప్పుగా అర్థం చేసుకుంటే మళ్ళీ సరిదిద్దుకునే అవకాశం ఉండదు. నిలకడ సంగతీ అంతే, ఏఎఫ్ వేగం 170 దాటేసరికి బీట్ల మధ్య తేడాలు కుంచించుకుపోయి ఏఎఫ్ కూడా నిలకడగా ఉన్నట్టే కనిపిస్తుంది. కొన్ని వీటీలేమో మొదట్లో తడబడుతూ నడుస్తాయి.

నాకు బాగా నచ్చేది మూడో పద్ధతి, బీట్ ఆకారం చూడటం. మామూలుగా కరెంటు పై నుంచి వచ్చి, జఠరికల్లో ప్రత్యేకంగా ఉన్న దారుల్లో వేగంగా పాకి రెండు వైపులకీ ఒకేసారి చేరుతుంది. వీటీలో అది మచ్చ అంచున ఎక్కడో పుట్టి, ఆ దారులు వదిలేసి, కండ నుంచి కండకి నెమ్మదిగా పాకుతుంది. దారి మారితే గీత ఆకారం మారుతుంది. అందుకని గుండె మామూలుగా కొట్టుకుంటున్నప్పుడు డివైస్ ఒక నమూనా దాచుకుంటుంది. వేగం వచ్చినప్పుడు ఒక్కో బీట్‌నీ, బ్యాంకులో చెక్కు మీది సంతకాన్ని స్పెసిమెన్ సంతకంతో పోల్చినట్టు, ఆ నమూనాతో పోల్చి ఎంత శాతం కలిసిందో చూస్తుంది. మెడ్‌ట్రానిక్ వాళ్ళ వేవ్‌లెట్ పద్ధతిలో మామూలుగా ఉండే హద్దు 70 శాతం. చివరి ఎనిమిది బీట్లలో కనీసం మూడు నమూనాతో కలిస్తే ఇది పై నుంచి వచ్చిన వేగమే అని షాక్ ఆపుతుంది. వేరే కంపెనీలు వేరే లెక్కలు వాడతాయి, హద్దులు కూడా వేరు, కాబట్టి ఒక కంపెనీ డివైస్‌లో ఉన్న శాతాన్ని ఇంకో కంపెనీ దానితో పోల్చకూడదు. ఈ పోలికకి లీడ్ కొసన దొరికే సిగ్నల్ కంటే, షాక్ ఇచ్చే కాయిల్‌కీ ఛాతీలోని డబ్బాకీ మధ్య కొలిచే సిగ్నల్ ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అందులో ఒక్క చుక్క కాకుండా గుండెలో చాలా భాగం కనిపిస్తుంది.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పాలి. మనిషిలో మొదటి ఐసీడీ పెట్టింది 1980 ఫిబ్రవరి 4న, అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో. దాని వెనక ఉన్న మనిషి మిషెల్ మిరోవ్‌స్కీ. పోలండ్‌లోని వార్సాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం దాటి, ఇజ్రాయెల్‌లో పనిచేస్తుండగా తన గురువు హ్యారీ హెల్లర్‌ని వీటీ వల్లే పోగొట్టుకున్నారు. గుండె పక్కనే ఉండి కాపలా కాసే యంత్రం ఎందుకు ఉండకూడదు అన్న ఆలోచన అక్కడ పుట్టింది. బాల్టిమోర్‌లోని సైనాయ్ ఆసుపత్రికి వచ్చి మోర్టన్ మవర్‌తో కలిసి ఏళ్ళ తరబడి కుక్కల మీద పరీక్షలు చేశారు. అప్పట్లో పెద్ద పెద్ద డాక్టర్లే ఇది కుదిరే పని కాదన్నారు, ప్రమాదమన్నారు. ఆ మొదటి డివైస్ వీఎఫ్‌ని ఎలా పట్టేదో తెలుసా? వేగంతో కాదు, ఆకారంతో. సిగ్నల్ తన అడుగు గీత మీద ఎంతసేపు ఉంటోంది, దాన్ని వదిలి ఎంతసేపు తిరుగుతోంది అని చూసేది. మామూలు గుండెలో బీట్‌కీ బీట్‌కీ మధ్య సిగ్నల్ చాలాసేపు ఆ గీత మీదే పడి ఉంటుంది, వీఎఫ్‌లో అసలు ఆగదు. తర్వాత్తర్వాత వేగమే ముఖ్యమైంది, అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1985లో అనుమతి ఇచ్చింది, డివైస్‌లు చిన్నవైపోయాయి. ఆకారం చూడటమన్నది మళ్ళీ చాలా ఏళ్ళకి, లోపలి చిప్పులకి అంత లెక్క చేసే శక్తి వచ్చాక, కొత్త రూపంలో తిరిగొచ్చింది.

ఆకారం నమ్ముకున్నా చిక్కులు లేకపోలేదు. కొందరికి గుండె వేగం పెరిగినప్పుడు జఠరికల్లోని ఒక దారి అలిసిపోయి మూసుకుంటుంది, అప్పుడు పై నుంచి వచ్చిన మామూలు వేగం కూడా ఆకారం మారి వీటీగా కనిపిస్తుంది. నమూనా పాతదైతే కూడా ఇదే గొడవ. లీడ్ పెట్టిన కొత్తలో తీసుకున్న నమూనాతో, లీడ్ గుండెలో కుదురుకున్నాక వచ్చే గీతలు కలవకపోవచ్చు. చాలా డివైస్‌లు తమంతట తామే నమూనా మార్చుకుంటూ ఉంటాయి, అయినా ప్రతి చెకింగ్‌లో నేను ముందు చూసేవాటిలో ఇదొకటి. ఎప్పుడూ పేసింగ్ మీదే, అంటే డివైస్ కొట్టించే బీట్ల మీదే, ఉండేవాళ్ళకైతే సొంత బీట్ల నమూనా దొరకడమే కష్టం.

పై గదిలో కూడా ఒక లీడ్ ఉంటే చిత్రం మారిపోతుంది. ఇప్పుడు డివైస్ పైనా కిందా రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడగలదు. కింద 180, పైన 80 ఉంటే ఇక ఆలోచించడానికేమీ లేదు, కింది వేగానికి పై గదితో సంబంధం లేదు, అది వీటీనే. పైన 350, కింద 150 ఉంటే ఏఎఫ్, లేదా ఫ్లట్టర్ అనే ఇంకో పై గది వేగం. అలాగని అక్కడితో వదలకూడదు, ఏఎఫ్ ఉన్న మనిషికి అదే సమయంలో వీటీ కూడా రావచ్చు, కాబట్టి కింది తాళం నిలకడగా ఉందా, ఆకారం మారిందా అని కూడా చూడాలి. అసలు కష్టం పైనా కిందా లెక్క సమానంగా ఉన్నప్పుడు. పైన 160, కింద 160. ఇది మామూలు పరుగు వల్ల వచ్చిన వేగం కావచ్చు. పై గదిలో పుట్టిన టాకికార్డియా కావచ్చు. ఏవీ నోడ్ దగ్గరే సుడి తిరిగే రకం కావచ్చు. వీటీ పుట్టి, కరెంటు వెనక్కి పాకి పై గదిని కూడా తనతో పాటు కొట్టిస్తూ ఉండొచ్చు. నాలుగూ లెక్కలో ఒకేలా ఉంటాయి. అప్పుడు ఎవరు ముందు కదిలారు, పై బీట్‌కీ కింది బీట్‌కీ మధ్య దూరం ఎంత, ఆకారం ఏమంటోంది, ఇవన్నీ కలిపి చూడాలి. మెడ్‌ట్రానిక్‌లో పీఆర్ లాజిక్ అనీ, బాస్టన్ సైంటిఫిక్‌లో రిథమ్ ఐడీ అనీ, బయోట్రానిక్‌లో స్మార్ట్ అనీ ఇలా ఒక్కో కంపెనీకి సొంత పద్ధతి ఉంది.

ఇంత చేసినా తేలకపోతే గుండెనే అడిగే దారి ఒకటుంది. ఏటీపీ, యాంటీ టాకికార్డియా పేసింగ్ అంటారు. షాక్‌కి ముందు డివైస్ వీటీ కంటే కొంచెం ఎక్కువ వేగంతో ఒక ఎనిమిది పేసింగ్ బీట్లు ఇస్తుంది, వీటీ బీట్ల మధ్య దూరంలో 88 శాతం దగ్గర అన్నది బాగా వాడే లెక్క. నొప్పి ఉండదు, చాలామందికి జరిగినట్టే తెలియదు. ఆ బీట్లు మచ్చ చుట్టూ తిరిగే సుడిలోకి దూరి దాన్ని తెగ్గొడతాయి. 2004లో వచ్చిన పెయిన్‌ఫ్రీ రెండో ట్రయల్, అంటే రోగుల మీద చేసిన పరిశోధన, చెప్పిందేంటంటే 188 నుంచి 250 దాకా ఉండే వేగమైన వీటీల్లో కూడా దాదాపు నాలుగింట మూడు వంతులు ఇలా షాక్ లేకుండానే ఆగిపోయాయని. ఇది చికిత్స మాత్రమే కాదు, పరీక్ష కూడా. కింద అంత వేగంగా పేసింగ్ చేస్తున్నా పై గది దాన్ని పట్టించుకోకుండా తన వేగంలో తాను పోతుంటే, వేగం పుట్టింది పైనే అని అర్థం. పేసింగ్ ఆగాక మొదట పై బీట్లు రెండు వచ్చి ఆ తర్వాత కింది బీట్ వచ్చినా అదే అర్థం. గీతలో ఈ భాగం వచ్చినప్పుడు నేను జూమ్ చేసి చూస్తాను, చాలా ఎపిసోడ్లకి, అంటే వేగం వచ్చిన సందర్భాలకి, జవాబు అక్కడే దొరుకుతుంది.

అయితే పై లీడ్ ఉంటే ఇక తప్పులే ఉండవని ఎవరైనా అంటే నమ్మకండి. పై లీడ్‌కి కింది గది సిగ్నల్ కూడా లీలగా అందుతుంది, దాన్ని పై బీట్‌గా లెక్కేసుకుంటే పైన లెక్క ఎక్కువైపోయి వీటీని కూడా ఏఎఫ్ అనుకునే ప్రమాదం ఉంది. ఏఎఫ్‌లో పై సిగ్నల్ మరీ చిన్నగా ఉంటే కొన్ని అందకుండా పోతాయి. పైగా ఇంకో వైరు అంటే ఇంకో ఇన్ఫెక్షన్ భయం, ఇంకో వైరు విరిగే అవకాశం. పేసింగ్ అవసరం లేని మనిషికి తేడా కనిపెట్టడం కోసమే పై లీడ్ వేయడం నాకు సబబుగా అనిపించదు.

కొన్ని షాకులకి గుండె వేగంతో సంబంధమే ఉండదు. టీ వేవ్ అని ప్రతి బీట్ తర్వాత వచ్చే చిన్న అల ఒకటుంటుంది. వీఎఫ్‌లో వచ్చే చిన్న సిగ్నల్ కూడా తప్పిపోకూడదని డివైస్ 0.3 మిల్లీవోల్టుల దాకా చెవి రిక్కించి వింటుంది, ఆ క్రమంలో ఈ అలని కూడా బీట్ అనుకుంటే 90 ఉన్న వేగం 180 అయిపోతుంది. గీతలో పొడుగు దూరం, పొట్టి దూరం, మళ్ళీ పొడుగు, మళ్ళీ పొట్టి అని కనిపిస్తే నా అనుమానం అటే వెళ్తుంది. ఇంకోటి లీడ్ లోపల విరగడం. అప్పుడు 130, 140 మిల్లీసెకన్ల దూరాలు కనిపిస్తాయి, అంటే నిమిషానికి 400 పైన. ఏ మనిషి జఠరికా ఒకదాని వెనక ఒకటి అంత వేగంగా స్పందించలేదు. లీడ్ కొస సిగ్నల్‌లో పిచ్చి గీతలుంటాయి, కాయిల్ సిగ్నల్‌లో గుండె ప్రశాంతంగా కొట్టుకుంటూ కనిపిస్తుంది. స్ప్రింట్ ఫిడెలిస్ లీడ్లు ఇలా విరుగుతున్నాయనే 2007లో మెడ్‌ట్రానిక్ వాటిని మార్కెట్ నుంచి తీసేసింది. ఆ తర్వాత వచ్చిన అలర్ట్ పద్ధతులు లీడ్ పాడవుతున్న గుర్తుల్ని చాలాసార్లు షాక్ రాకముందే పట్టుకుంటాయి. కొన్ని డివైస్‌లు ఇలాంటప్పుడు ఛాతీలోంచి బీప్ శబ్దం చేస్తాయి. అది వినబడితే ఫోన్ శబ్దం అనుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

మన ఇళ్ళల్లో ఇంకో సంగతి ఉంది, ఎర్తింగ్. గీజర్‌లోంచో, బోరు మోటార్‌లోంచో, పాత ఫ్రిజ్‌లోంచో కరెంటు లీకవుతుంటే, తడి చేత్తో తాకిన మనిషికి చిన్నగా జివ్వుమన్నంతే అనిపిస్తుంది, లోపల డివైస్‌కి మాత్రం 50 హెర్ట్జ్ సిగ్నల్ ధారగా అందుతుంది. అది దాన్ని వీఎఫ్ అనుకోవచ్చు. గీత చూస్తే ఒకే కొలతలో దువ్వెన పళ్ళలాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. షాక్ వచ్చినప్పుడు ఏం ముట్టుకుని ఉన్నారని మేం అడిగేది అందుకే. అలాంటప్పుడు ఇంటికి ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ చూపించడమే వైద్యం.

ఇవన్నీ చదివాక, మరి అనుమానం ఉన్నప్పుడు ఆగొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. డివైస్ తయారుచేసినవాళ్ళు దీన్ని తెలిసే ఒక వైపుకి ఒరిగేలా పెట్టారు. అక్కర్లేని షాక్ తగిలితే మనిషి బాధపడతాడు, భయపడతాడు, బతికి ఉంటాడు. అవసరమైన షాక్ అందకపోతే ఉండడు. అందుకే తేలని సందర్భాల్లో అది వీటీ వైపే మొగ్గుతుంది, చాలా వేగమైన జోన్లో డిస్క్రిమినేటర్లని అసలు అడగదు. కొన్నిటిలో, ఇంతసేపు ఆగినా వేగం తగ్గలేదంటే ఇక కొట్టేయమనే టైమర్ కూడా ఉంటుంది. ఈ మొగ్గు సరైనదే. అలాగని అక్కర్లేని షాకుల్ని తప్పదులే అని వదిలేయకూడదు. మాడిట్ రెండో ట్రయల్లో ఐసీడీ పెట్టుకున్నవాళ్ళలో 11.5 శాతం మందికి కనీసం ఒక్క అక్కర్లేని షాక్ తగిలింది, కారణాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది ఏఎఫ్. ఒక్క షాక్‌తో నిద్ర పోగొట్టుకున్నవాళ్ళని, బాత్రూమ్ తలుపు గడియ పెట్టుకోవడానికి కూడా భయపడేవాళ్ళని నేను చూశాను.

దీనికి దొరికిన గొప్ప మందు ఓపిక. 2012లో వచ్చిన మాడిట్ రిట్ అనే ట్రయల్లో 1,500 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పాత పద్ధతి, 170 దాటితే కొద్ది సెకన్లలోనే చికిత్స. రెండో గుంపుకి 200 దాటితేనే. మూడో గుంపుకి 170కీ 200కీ మధ్య ఉంటే ఒక నిమిషం ఆగి. చివరి రెండు గుంపుల్లో అక్కర్లేని చికిత్సలు ముప్పావు వంతుకి పైగా తగ్గాయి, 200 గుంపులోనైతే చనిపోయినవాళ్ళు కూడా సగానికంటే తక్కువ. ఎంతో వేగం అనిపించిన చాలా ఎపిసోడ్లు డివైస్ ఆగి చూస్తుండగానే వాటంతట అవే తగ్గిపోయాయన్నమాట. ఇది చదివినప్పుడు ఎంత తెలివైన డిస్క్రిమినేటర్ కన్నా వేగం హద్దు, ఆగే సమయం అనే రెండు అంకెలు సరిగ్గా పెట్టడం ఎక్కువ మేలు చేసిందే అనుకున్నాను, ఇప్పటికీ అదే నా అభిప్రాయం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగులే ఏళ్ళ తరబడి ఉన్న డివైస్‌లు కనబడితే మనసు కలుక్కుమంటుంది.

ఒక జాగ్రత్త ఉంది. ఆ ట్రయల్లో ఉన్నవాళ్ళు అంతకుముందు వీటీ రానివాళ్ళు, ముందుజాగ్రత్తగా డివైస్ పెట్టుకున్నవాళ్ళు. ఇప్పటికే 160లో వీటీ వచ్చిన మనిషికి 200 దగ్గర జోన్ పెడితే డివైస్ చూస్తూ కూర్చుంటుంది. అమియోడరోన్ మందు వాడేవాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఆ మందు వీటీని ఆపలేకపోయినా దాని వేగం తగ్గిస్తుంది. 180 ఉండే వీటీ 140కి దిగి, జోన్ కిందకి జారిపోయి, గంటల తరబడి నడుస్తూ ఉంటుంది, మనిషికి ఆయాసం, నీరసం, డివైస్‌లో మాత్రం చికిత్స ఏమీ ఉండదు. "మిషన్ ఉంది కదా, ఏదైనా అయితే అదే చూసుకుంటుంది" అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. దడ, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే షాక్ రాలేదు కదా అని ఆగకండి.

షాక్ వస్తే ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. ఒక్కటే వచ్చి, తర్వాత ఒంట్లో బాగానే ఉంటే, కంగారు పడకుండా మీ ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ రోజో మర్నాడో చెకింగ్‌కి వెళ్ళండి. వరసగా రెండు మూడు వచ్చినా, ఒక్కటే అయినా ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉన్నా ఆగకుండా అంబులెన్స్ పిలవండి. ఆ సమయంలో మిమ్మల్ని పట్టుకుని ఉన్నవాళ్ళకి జివ్వుమనవచ్చు గానీ హాని ఉండదు, భయపడి వదిలేయొద్దని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. టైము, అప్పుడు చేస్తున్న పని, ముట్టుకున్న వస్తువు, ఆ వారంలో మానేసిన మందులు రాసిపెట్టుకోండి, నాకు గీత చదవడంలో ఇవి ఎంత సాయపడతాయో మాటల్లో చెప్పలేను. చెకింగ్ అయ్యాక జోన్లు ఎక్కడున్నాయి, ఆకారం చూసే డిస్క్రిమినేటర్ ఆన్‌లో ఉందా, ఆ షాక్ ఏ వేగానికి వచ్చింది అని డాక్టర్ని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం వద్దు.

ఆ రోజు తీసిన ప్రింటవుట్ కాపీ ఒకటి తీసుకుని డివైస్ ఐడీ కార్డుతో పాటు పెట్టుకోండి, ఫోన్లో ఫోటో కూడా తీసి పిల్లలకి పంపండి. ఒక కంపెనీ ప్రోగ్రామర్‌తో ఇంకో కంపెనీ డివైస్‌ని చదవలేం. పెళ్ళికో తీర్థయాత్రకో వేరే ఊరు వెళ్ళినప్పుడు రాత్రి పూట షాక్ వస్తే, అక్కడి క్యాజువాలిటీ డాక్టర్ ముందు తెలుసుకోవాల్సింది ఏ కంపెనీ అన్నదే. ఎవరికి ఫోన్ చేసి ఏ ప్రోగ్రామర్ తెప్పించాలో దాన్నిబట్టే తేలుతుంది.